అసలుకు తెలియని నాలుగు డిగ్రీలు

మొదటి రోజు ప్రోగ్రామింగ్ క్లాసులో నేను అన్నది పాయింటర్. మా బావ విన్నది పెయింటర్.

తప్పు ఆయన చెవిది కాదు, నా నోటిది. "ఈ మెషీన్ మెమరీలో లక్షల గదులుంటాయి. ఏ గదిలో ఏముందో అన్ని తలుపులూ తీసి చూసుకుంటూ కూర్చోలేం. అందుకని పాయింటర్ని పెట్టుకుంటాం. గది నంబరు వాడు చూపిస్తాడు. నంబరు తప్పిందా, ఒకరి సరుకు ఇంకొకరి గదిలో పడుతుంది. పాయింటర్ లేనిదే మన కంపెనీ లేదు!" అని గొంతు చించుకున్నాను. 'చూపిస్తుంది' అనాల్సిన చోట 'చూపిస్తాడు' అనడం నా జబ్బు. ప్రతి వస్తువుకూ మీసం పెట్టి మాట్లాడితే తప్ప నాకు పాఠం చెప్పినట్టుండదు.

బావ ఇరవై ఆరేళ్ళు కోల్డ్ రూములు బాగుచేసిన మెకానిక్. ఆ గదుల తలుపుల మీద నంబర్లు చెమ్మకు ఊడిపోతుంటాయి. ఏడాదికోసారి పెయింటర్ని పిలిచి మళ్ళీ వేయించకపోతే చేపలు వెళ్ళాల్సిన గదిలోకి పాలు వెళ్తాయి. అందుచేత నేను చెప్పిన ప్రతి ముక్కా ఆయనకు అక్షరాలా అర్థమైంది. కొత్త చదువులో మొదటి రోజే తెలిసిన పని తగిలిందని సంబరం కూడా కలిగింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మా మూడో అంతస్తు క్లాసు గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. చంకలో అంకెలు కోసిన రేకులు, చేతిలో రంగు డబ్బా, చెవి మీద పెన్సిలు.

"తలుపులెక్కడండీ?" అన్నాడు.

"ఏ తలుపులు?"

"లక్షల గదులకి నంబర్లు వెయ్యాలంట కదండీ. మెకానిక్ గారు ఫోన్ చేశారు. నేనొక్కణ్ణే అయితే ఈ జన్మకవ్వదు. ఇంకో ఇద్దర్ని పిలవనా?"

నాకు విషయం తట్టడానికి ఒక క్షణం పట్టింది. తట్టాక, బల్ల పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోవడం నా ఒంట్లో లేదు. "బావా! పాయింటు పోయి పెయింటు వచ్చింది!" అన్నాను. "మా బావ పుణ్యమా అని ఈ భాషకి ఇప్పటికి రంగొచ్చింది!" అన్నాను. తొమ్మిది మంది ఉన్న క్లాసు పొట్ట పట్టుకుంది. నవ్వు ఆగబోతున్నప్పుడల్లా ఇంకోటి వేశాను. పావుగంట లాగాను. పెయింటర్ కూడా నవ్వి, మా టీ తాగి, రేకులు సర్దుకుని వెళ్ళిపోయాడు.

బావ కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ రోజు తర్వాత ఆయన క్లాసులో నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగలేదు. అది నేను గమనించేసరికి గమనించి ప్రయోజనం లేని రోజు వచ్చేసింది.

బావంటే మా అక్క మొగుడు. గదులను చల్లబరిచే చిల్లర్ యంత్రాలు బాగుచేసే మనిషి కనుక నేను పెట్టిన పేరు చిల్లర్ బావ. "నేను చిల్లర బావని కాదురోయ్, పెద్ద నోటుని," అనేవాడు తను కూడా, ఒంట్లో బాగున్న రోజుల్లో. ఒకరోజు నిచ్చెన మీద నుంచి కంప్రెసర్ దించుతూ కింద పడ్డాడు. కుడి భుజం విరిగింది. అతుక్కుంది గానీ, చెయ్యి ఇక భుజం దాటి లేవదు, బరువు పట్టదు, పెన్ను కూడా నిలవదు. యాభై ఒకటో ఏట రెంచీ పక్కన పెట్టాల్సి వచ్చింది.

మా కంపెనీ కోల్డ్ రూములకు మెదడు తయారుచేస్తుంది. ఎప్పుడు చల్లబరచాలి, ఎప్పుడు ఆపాలి అని మోటారుకు చెప్పే చిన్న కంప్యూటరన్నమాట. చదువుకొచ్చిన కుర్రకారుకు కోల్డ్ రూమంటే తెలియదని, బయట పనులు చేసి వచ్చినవాళ్ళను చేర్చుకుని మేమే ప్రోగ్రామింగ్ నేర్పేవాళ్ళం. పన్నెండు వారాల శిక్షణ, మూడు నెలల ప్రొబేషన్. ఆపైన ఉద్యోగం ఖాయం, కాకపోతే ఇంటికి. ఆ నేర్పే మాస్టారు నేనే.

అక్క మా ఇంటికొచ్చి కూర్చుంది. "ఒరేయ్, ఆయన్ని నీ చేతుల్లో పెడుతున్నాను," అంది.

"చేతుల్లో ఎందుకక్కా, నెత్తిన పెట్టుకుంటాను. జుట్టు కూడా లేదు, అడ్డం రాదు."

"వేళాకోళాలు కాదు. ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. ఇది కూడా పోతే ఆ మనిషి ఏమైపోతాడో నాకు తెలీదు."

బావ తనంతట తాను ఆ మాట ఒక్కసారే అన్నాడు, ఆఫీసు మెట్లెక్కుతూ, ఎడం చేత్తో కడ్డీ పట్టుకుని. "బామ్మర్దీ, కూర్చుని చేసే పని నాకిదొక్కటే. ఇంకోటి రాదు, ఇంకోటి లేదు."

"నేనుండగా నీకేంటి బావా," అన్నాను.

మూడో వారంలో ఓనర్‌షిప్ పాఠం మొదలైంది. "ఓనర్‌షిప్ అంటే ఓనరు ఎక్కే షిప్పు కాదు," అని మొదలుపెట్టాను. చెప్పడం మొదట్లో బాగానే చెప్పాను. ఈ భాషలో ప్రతి వస్తువుకూ ఒక్కడే యజమాని. యజమాని వెళ్ళిపోతే వస్తువూ పోతుంది. వేరేవాళ్ళకు కావలిస్తే అరువు తీసుకోవచ్చు. అరువు రెండు రకాలు. ఆఫీసు నోటీసు బోర్డు ఉందనుకోండి. చదవడానికైతే ఎంతమందైనా దాని ముందు నిలబడొచ్చు. చెరిపి కొత్తది రాయాలంటే మాత్రం ఒక్కడే నిలబడాలి, ఆ కాసేపూ ఇంకెవరూ చదవకూడదు. లేకపోతే సగం పాతది, సగం కొత్తది చదువుకుని పోతారు. ఈ నియమం తప్పితే కంపైలర్ ఒప్పుకోదు. కంపైలరంటే మనం రాసిందంతా చదివి, మెషీనుకు అర్థమయ్యేలా మార్చి ఇచ్చే ప్రోగ్రాము. అన్నిటికీ వంకలు పెట్టే పెద్దమామయ్య లాంటిది.

"ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు," అన్నాను. "ఎరువంటే చేలో వేసేది కాదండోయ్, వాడుకుని తిరిగిచ్చేది. తిరిగివ్వకపోతే పరువు పోయేది!"

నవ్వులు. నాకు నవ్వు వినిపిస్తే నాలుక నిలవదు. తర్వాతి మాట క్లోన్ గురించి. క్లోనంటే నకలు. అరువు దొరకనప్పుడు వస్తువుకు నకలు తీసి పట్టుకుపోవచ్చు, కంపైలర్ కిమ్మనదు. ఆ వెంటనే చెప్పాల్సిన వాక్యం ఇంకొకటుంది. నకలు మీద ఏం దిద్దినా అసలుకు తెలియదు. ఆ వాక్యం నా పెదాల దాకా వచ్చింది. దాన్ని తోసుకుంటూ ఇంకోటి ముందు దూకింది.

"కంపైలర్ కరిస్తే క్లోన్ కట్టు!"

క్లాసు గొల్లుమంది. ముందు వరుసలో మాత్రమ్మ చెయ్యెత్తింది. ఆవిడ పదేళ్ళు మందుల షాపులో మాత్రలమ్మి వచ్చిన మనిషి. పేరు నేను పెట్టిందే.

"కుక్క కరిస్తే కట్టు కట్టకూడదు మాస్టారూ," అంది. "ముందు సబ్బుతో కడగాలి. కట్టు కడితే లోపలున్న విషం లోపలే ఉంటుంది."

"మాత్రమ్మా! నువ్వు మాట్లాడితే మాత్ర మింగినట్టే ఉంటుంది," అన్నాను. మళ్ళీ గొల్లు. టీ వేళయింది. అందరూ లేచారు. ఆ మిగిలిపోయిన వాక్యం ముందు రోజు పంచిన కాగితాల్లో ఉంది, నలభై ఒకటో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో. నోటితో నేను చెప్పలేదు.

ఆ వారం ఆదివారం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ నోటుపుస్తకం పట్టుకుని నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. "బామ్మర్దీ, ఆ క్లోన్ సంగతి..."

"ఆదివారం కూడానా బావా! లోన్ తీసుకున్నవాడు కూడా ఇవాళ పడుకుంటాడు, నువ్వు క్లోన్ పట్టుకుని కూర్చున్నావా?"

అక్క నవ్వింది. బావ పుస్తకం మూశాడు. "పెద్దదేం కాదులే," అన్నాడు.

పన్నెండు వారాలూ గడిచాయి. బావ పరీక్ష గట్టెక్కాడు. ప్రొబేషన్లో ఆయనకు ఒక పని ఇచ్చారు. గదికి ఎంత చల్లదనం కావాలో సరుకుదారుడు తెర మీద నొక్కి మార్చుకునే పేజీ. కోల్డ్ రూము తెలిసిన మనిషి కనుక చక్కగా కుదిరే పనే. కానీ చూపించడానికి అరువు తీసుకున్న అంకెను అక్కడే మార్చబోయాడు. పెద్దమామయ్య అడ్డుపడ్డాడు. చూడటానికిచ్చిన దాన్ని ఇప్పుడు మార్చడానికి ఇవ్వను పొమ్మన్నాడు. బావ ఒకటిన్నర రోజు ఆ ఒక్క వరుసతో కుస్తీ పట్టాడు. నన్ను అడగలేదు. పక్క కుర్చీలో మాత్రమ్మ ఉంది, ఆవిణ్ణీ అడగలేదు. చివరికి నేను నేర్పిన మందే వేశాడు. క్లోన్ కట్టాడు. కంపైలర్ నోరు మూసుకుంది.

మా దగ్గర ఒక పద్ధతుంది. ఒకరు రాసింది ఇంకొకరు చదివి 'సరే' అనకుండా గడప దాటదు. బావ రాసింది చదవాల్సింది నేను. ఆ వేళ నేను వేరే విభాగంలో ఒకాయన వీడ్కోలు సభకు ఉపన్యాసం రాసుకుంటున్నాను, మంచి శ్లేష ఒకటి చిక్కబోతోంది. బావ పేజీ తెరిచాను. ఆ వరుస చూశాను. చూసి నవ్వాను. లోపలి టెలిఫోన్ ఎత్తి, "కట్టు బాగా కట్టావు బావా!" అన్నాను. 'సరే' నొక్కాను.

పది నిమిషాల్లో ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"బామ్మర్దీ, దీన్ని ఒకసారి నిజం గదిలో పెట్టి చూద్దామా? తెర మీద అంకె మారుతోంది, బాగానే ఉంది. నేను థర్మామీటర్ పట్టుకుని ఓ రెండు గంటలు లోపల కూర్చుంటా."

"ఎందుకు?"

"డయల్ చెప్పేది డయల్ సంగతి. గది సంగతి గదినే అడగాలి. మా పనిలో అంతే."

"బావా, నువ్వింకా నిచ్చెన దిగలేదు. కంపైలర్ ఒప్పుకున్నాక కాలయముడైనా ఒప్పుకోవాల్సిందే. పోయి టీ తాగు."

ఆయన వెళ్ళి టీ తాగాడు.

నెల తిరక్కుండా ఒక పూల వ్యాపారి ఫోన్ వచ్చింది. ముందు వారం దాకా ఆ గదిలో గడ్డకట్టిన బఠాణీలుండేవట, మైనస్ పద్దెనిమిదిలో. వాటిని ఖాళీ చేయించి, మోటారు ఆపి గది కడిగించి ఆరబెట్టి, సాయంత్రం మళ్ళీ మోటారు వేసి తెర మీద నాలుగు డిగ్రీలని నొక్కి, తెర నాలుగని చూపించాకే పన్నెండు వేల గులాబీలు లోపల పెట్టించాడు. తెర చూపించింది నకలు మీది నాలుగు. మోటారు చదువుకునేది అసలు అంకె. దాన్ని ఎవరూ దిద్దలేదు. పొద్దున తలుపు తీస్తే లోపల మైనస్ పద్దెనిమిది. "పూరేకు ముట్టుకుంటే గాజులా విరిగిపోతోందయ్యా," అన్నాడట ఆయన. తిట్టలేదట. అదే పదే పదే అన్నాడట.

మధ్యాహ్నం మేనేజర్ గదిలో కూర్చున్నాం. ఆవిడ, నేను, బావ, మాత్రమ్మ, ఇంకో ఇద్దరు. మేనేజర్ నా జోకులకు ఈ ఆరేళ్ళలో ఒక్కసారీ నవ్వని మనిషి. గోడ మీద ఆ వరుస పెద్ద అక్షరాల్లో వేశారు.

"ఇది రాసిందెవరు?"

"నేనేనండి," అన్నాడు బావ.

ఆవిడ నా వైపు తిరిగింది. "క్లోన్ తీస్తే అది వేరే వస్తువని, దాన్ని మారిస్తే అసలు మారదని శిక్షణలో చెప్పారా?"

నా దగ్గరున్న నిజం రెండు ముక్కలు. నవ్వించాను, చెప్పలేదు. ఆ రెండు ముక్కలూ పక్కన పెట్టాను. నాకూ పిల్లల చదువులున్నాయి, నాకూ యాభై దగ్గరపడుతోంది. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో తన్నుకుంటూ వచ్చాయి.

"పాఠంలో ఉంది మేడమ్. నలభై ఒకటో పేజీ," అన్నాను.

"సరే అన్నది మీరే కదా. ఈ వరుస చూడలేదా?"

"ఆ రోజు చదవాల్సినవి చాలా ఉన్నాయి మేడమ్. ఇది నా కంట పడలేదు."

బావ తలెత్తి నన్ను చూశాడు. ఎక్కువసేపేం కాదు. నేను టెలిఫోన్‌లో ఏమన్నానో ఆ గదిలో తెలిసింది ఆయనొక్కడికే. మళ్ళీ తల దించుకుని, "అవును మేడమ్, పేజీలో ఉంది. నా బుర్రకే ఎక్కలేదు," అన్నాడు.

చెప్పినా ఎక్కని మనిషిని ఏ కంపెనీ ఉంచుకుంటుంది? ఆ శుక్రవారంతో ఆయన ప్రొబేషన్ ముగించేశారు. నాకు జాగ్రత్తగా చదవమని ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. అంతే.

మెట్ల దగ్గర ఆయన వెంట పడ్డాను. చేతిలో ఆయన టీ కప్పు, పాత స్వెటరు. కోల్డ్ రూముల అలవాటుకొద్దీ ఎండాకాలం కూడా తెచ్చుకునేవాడు.

"బావా, ఆగు. నేను మేడమ్‌తో మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు?"

"జరిగింది."

"ఇద్దరి పనీ పోతే మీ అక్క ఎవరి మొహం చూస్తుందిరా?" అన్నాడు. "ఒక్కరిది పోయింది. అక్కడితో ఆగనీ."

ఆగనిచ్చాను. అదే నేను చేసిన పని. ఆయన వద్దన్నాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వద్దన్నందుకు లోపల హాయిగా కూడా ఉంది, అది కూడా రాయాలి.

మూడు వారాలు గడిచాయి. అక్క ఫోన్ చేసేది. "నువ్వంత విడమరిచి చెప్పినా ఆయనకి ఎక్కలేదంటే నేనెవర్ననాలిరా? చదువు, చదువు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చదివానే అంటాడు. ఏం చదివాడో! నిన్ను కూడా తలదించుకునేలా చేశాడు." నేను "అదేం లేదక్కా" అనేవాణ్ణి. నా జీవితంలో ఇంత చిన్న డైలాగు ఎప్పుడూ చెప్పి ఎరగను.

నాలుగో ఆదివారం వాళ్ళింటికి వెళ్ళక తప్పలేదు. బావ బయటికి వెళ్ళాడట, ఎక్కడికో చెప్పలేదట. నేను వచ్చేస్తుంటే అక్క ఒక నోటుపుస్తకం చేతికిచ్చింది. "కొత్త బ్యాచ్‌లో ఎవరికైనా పనికొస్తుందేమో, నీకిమ్మన్నాడు. రాత మాత్రం ముత్యాల్లా రాసుకున్నాడురా, పాపం. ఎడం చేత్తో."

బస్సులో తెరిచాను. నేను చెప్పిందంతా ఉంది. నోటీసు బోర్డు ఉంది, బోర్డు ముందు నిలబడ్డ మనుషుల బొమ్మలున్నాయి. నా శ్లేషలు కూడా, ఏది పాఠమో ఏది పరాచికమో తెలియక కాబోలు, అన్నీ నియమాల్లాగే నంబర్లు వేసి రాసుకున్నాడు. పద్నాలుగోది: 'కంపైలర్ కరిస్తే క్లోన్ కట్టాలి.' దాని కింద చిన్నగా: 'నకలు మారిస్తే అసలు గదికి ఎలా తెలుస్తుంది? — అడగాలి.'

'అడగాలి' మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది.

నేను దిగాల్సిన బస్టాపు వచ్చి వెళ్ళిపోయింది. పన్నెండు వారాల్లో తొమ్మిది మందిలో అడగాల్సిన ప్రశ్న తట్టింది ఒక్కడికి. నేను మింగేసిన వాక్యాన్ని తనంతట తాను పట్టుకున్నవాడు ఒక్కడు. వాణ్ణే నేను బుర్రలేనివాడిగా నిలబెట్టాను.

మర్నాడు సోమవారం. కొత్త బ్యాచ్ మొదటి రోజు, పాతవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు, మేనేజర్ రెండు మాటలు చెప్పి వెళ్తుంది. ఆవిడ మాటలయ్యాక నేను బోర్డు మీద రెండు గళ్ళు గీశాను. ఒకటి అసలు, ఒకటి నకలు. అసలులో మైనస్ పద్దెనిమిది రాశాను, నకలులో నాలుగు. ఆ నాలుగు అక్కడికి ఎలా వచ్చిందో, ఏ మాట నమ్మి ఒక మనిషి అలా రాశాడో, ఆ మాట ఎవరిదో చెప్పాను. ఆ వరుస నా కంట పడిందని, చూసి నవ్వానని, నిజం గదిలో పెట్టి చూస్తానంటే టీ తాగమని పంపేశానని చెప్పాను. ఎవరో ఇద్దరు కొత్తవాళ్ళు, ఇది కూడా జోకేమో అనుకుని, నవ్వబోయి ఆగారు.

మాత్రమ్మ నేలకేసి చూస్తోంది. "నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు మాస్టారూ," అంది. "నేనైనా అడగాల్సింది."

"ఇది ఆ రోజు నా గదిలో చెప్పాల్సింది," అంది మేనేజర్.

"అవును మేడమ్."

"ఆయన చోటుకి వేరే మనిషిని తీసుకున్నాం. ఈ పొద్దునే చేరాడు." పెన్ను తీసి, "తప్పు ఆయనది కాదని కాగితం రాసిస్తాను. ఇంకెక్కడైనా పనికి రావచ్చు. ఇకనుంచి ఎవరి పనికీ మీరు సరే అనడానికి లేదు. క్లాసు సంగతి ఆలోచించి చెబుతాను," అంది. అరిచి ఉంటే కాస్త నయంగా ఉండేది.

సాయంత్రం ఆ కాగితం పట్టుకుని అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ కుర్చీలో కూర్చుని గోడ గడియారానికి బ్యాటరీ మారుస్తున్నాడు. అక్క బట్టలు మడతపెడుతోంది.

"అక్కా, ఒక పాఠం చెప్పాలి. విను," అన్నాను.

"నాకెందుకురా ఇప్పుడు పాఠాలు!"

"గుమ్మానికి పాలాయన కోసం చీటీ తగిలిస్తావు కదా, 'రెండు ప్యాకెట్లు' అని. దానికి నువ్వు ఇంకో నకలు రాసుకున్నావు. లోపల కూర్చుని ఆ నకలు మీద రెండు కొట్టేసి నాలుగని దిద్దావు. పొద్దున ఆయన ఎన్ని వేసి వెళ్తాడు?"

"రెండే వేస్తాడు. గుమ్మం మీద చీటీ రెండే కదా."

"బావ రాసిన వరుస అదే. నకలు దిద్దాడు."

"ఆ మాత్రం ఈయనకి తెలీదా?" అని అక్క మొగుడి వైపు తిరగబోయింది.

"ఆగక్కా. ఆయనకి తెలీదని కాదు. నకలు దిద్దితే అసలు మారదని నేను చెప్పలేదు. కంపైలర్ ఒప్పుకోకపోతే నకలు తీసెయ్యమని మాత్రం చెప్పాను. నవ్వొస్తుందని చెప్పాను. ఆయన నేను చెప్పినట్టే చేశాడు. మేడమ్ అడిగితే పాఠంలో ఉందన్నాను."

అక్క చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది. "ఇంకెవరూ చూడరా, మీ ఆఫీసులో? ఒకరు రాసింది?"

"చూస్తారు. నేనే చూశాను."

"చూసి?"

"నవ్వాను. నవ్వి సరే అన్నాను. మేడమ్‌తో చూడలేదన్నాను."

అక్క నన్నొదిలి బావ వైపు తిరిగింది. "ఈ నెల రోజులూ నేనెన్ని మాటలన్నానో వింటూ కూర్చున్నావా?" అంది. "ఒక్క ముక్క చెప్పకూడదూ?"

"వాడు నీ తమ్ముడే," అన్నాడు బావ.

ఆవిడ చొక్కా అక్కడే వదిలి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది, చాలాసేపు ఆగలేదు. నేను కాగితం బల్ల మీద పెట్టి, ఆఫీసులో కూడా అందరికీ చెప్పానని, అయినా ఆయన చోటు మాత్రం నిండిపోయిందని చెప్పాను. బావ కాగితం చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడియారం వెనక మూత బిగిస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"అయితే ఆ వరుస ఎలా రాయాలి, క్లోన్ లేకుండా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర వంద శ్లేషలు లేచాయి. వాటిని పక్కకు తోసి పాఠం ఎత్తుకున్నాను.

"ముందు చూడటానికి అరువు తీసుకో. అంకె చూపించు. చూపించడం అయిపోగానే ఆ అరువు తిరిగిచ్చెయ్. అప్పుడు మళ్ళీ వెళ్ళి, మార్చడానికి అరువడుగు. ఆ సమయానికి చూసేవాళ్ళెవరూ ఉండరు కనుక ఇస్తుంది. అసలు దాన్నే దిద్దు."

"రెండూ ఒకేసారి పట్టుకోకూడదు. ఒకదాని తర్వాత ఒకటి."

"అంతే."

బావ గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే బావా," అన్నాను.